ఇల్లు వాళ్ళది, పని మనది

మన సంఘం యౌవనస్థులకు,

సెలవుల బైబిలు బడి (వీబీఎస్) అయిపోగానే ఊళ్ళో ఇబ్బందుల్లో ఉన్నవాళ్ళ ఇళ్ళు బాగుచేద్దామని మీరంతా అనుకున్నారట. పాస్టరుగారు చెప్పిన దగ్గర్నుంచీ నా మనసు నిండుగా ఉంది. జీవితమంతా తాపీ పట్టి బతికినవాణ్ణి కాబట్టి మీకు నాలుగు మాటలు చెప్పాలనిపించింది. పెద్దవాడి చాదస్తం అనుకోకుండా వినండి.

అన్నిటికంటే ముందు మాట ఇది. మీరు బాగుచెయ్యబోయే ఇంటికి యజమాని ఆ ఇంట్లో ఉండే మనిషే. ఒక మామ్మ ఇల్లే అనుకోండి. గోడ ఒరిగినా, కప్పు కారుతున్నా ఆ గడప లోపల ఆమె మాటే చెల్లాలి. ఇల్లు పాడైందని ఇంటి మీద పెత్తనం మన చేతికి రాదు. ఈ ఒక్కటి గుర్తుంటే మిగతావన్నీ వాటంతటవే కుదురుతాయి.

పని మొదలుపెట్టే ముందు ఒక సాయంత్రం ఊరికే వెళ్ళి కూర్చోండి. టేపూ నోటుబుక్కూ ఆ రోజు వద్దు. "మామ్మా, వానొస్తే ఎక్కడ పడుకుంటావు? రాత్రిపూట బయటికి ఎలా వెళతావు?" అని అడగండి. మీ కంటికి రంగు వెలిసిన గోడ ముందు కనిపిస్తుంది. ఆమెకు మాత్రం చీకట్లో తడబడే మెట్టే పెద్ద బాధ కావచ్చు. గోడకు రంగేస్తే ఫొటో బాగుంటుంది. మెట్టు సరిచేసి పక్కన పట్టుకోవడానికి ఒక గొట్టం పాతితే ఆమె తుంటి ఎముక నిలుస్తుంది. ఆమె వేరే ఏదీ చెప్పకపోతే మాత్రం ముందు కప్పు, తర్వాత కరెంటు, ఆ తర్వాత మెట్లూ గడపా, ఆపైన గోడ. రంగు చిట్టచివర, డబ్బు మిగిలితేనే.

కొత్త ఇల్లు కట్టుకున్నవాడు మనుషులు జారిపడకుండా మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో ఉంది. ఇంట్లో మనిషికి దెబ్బ తగలకుండా చూడటం కూడా దేవుని ఆజ్ఞల్లో ఒకటి. మీరు ఒక మెట్టు సరిచేస్తే అది వాక్యాన్ని నెరవేర్చినట్టే.

ఇక ప్రార్థన సంగతి. మనవాళ్ళ చరిత్రలోంచే ఒకటి చెబుతాను. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌగారు బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఆయనకు ముందే సర్వే పని వచ్చు. ఆకలితో ఉన్న జనానికి దానం పంచి ఊరుకోకుండా పని చూపించి కూలి ఇచ్చారు. ఆ కరువు పని నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. కూడు కోసం మతంలోకి వచ్చారన్న మాట ఎవరి మీదా పడకూడదనే ఆ జాగ్రత్త. కరువు తీరాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె మీరు సండే స్కూల్లో విన్నదే. దానికి ముందు ఆయన ఆగిన నెలలను కూడా గుర్తుపెట్టుకోండి. నా దృష్టిలో ఆ ఆగడమే గొప్పది.

అందుకని చెబుతున్నాను. ఆమె అడిగితే ప్రార్థన చెయ్యండి. అడగకపోతే ఇంటికొచ్చి ఆమె కోసం చేసుకోండి. కరపత్రాలు సంచిలోనే ఉండనివ్వండి. గోడ మీద పోలేరమ్మ పటమో వేంకటేశ్వరస్వామి పటమో ఉంటే పని మొదలెట్టే ముందు ఆమెనే అడిగి జాగ్రత్తగా తీయించండి. గుడ్డలో చుట్టి దుమ్ము పడని చోట పెట్టండి. పూత ఆరాక అదే చోట మేకు కొట్టి ఇవ్వండి. రేకు కప్పినందుకు బదులుగా ఆమె మన గుడికి రావాలని మనసులో ఏ మూలన అనుకున్నా ఆ రేకు అమ్మినట్టే అవుతుంది.

ఇళ్ళు ఎంచుకునేటప్పుడు మన పేట దాటి చూడండి. కాలవ గట్టు మీద యానాదుల గుడిసెలు ఉన్నాయి. రోడ్డు అవతల ఒంటరిగా ఉండే సాయిబుల మామ్మ ఉంది. పొరుగువాడు ఎవరని అడిగినవాడికి ప్రభువు మంచి సమరయుని కథే చెప్పాడు కదా. వెళ్ళిన చోట వాళ్ళు మజ్జిగ ఇస్తే తాగండి. మంచినీళ్ళు ఇస్తే అదే గ్లాసుతో తాగండి. మన తాతలకు ఊరి బావి దగ్గర నీళ్ళు పోయని రోజులు ఉన్నాయి. అలాంటి మనం ఇంకొకరి గుడిసెలో నీళ్ళు ముట్టకుండా పనిచేసి వస్తే ఆ పనికి అర్థం లేదు.

అమ్మాయిలకు ఒక మాట. టీ కాయడం, ఊడవడం మీ వంతు అని ఎవరైనా అంటే నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయం చదివి వినిపించండి. యెరూషలేము గోడ బాగుచేసినవాళ్ళ పేర్లు అందులో వరసగా ఉన్నాయి. కంసాలులున్నారు, సుగంధద్రవ్యాలు చేసేవాళ్ళున్నారు, యాజకులున్నారు. పన్నెండో వచనంలో షల్లూము కుమార్తెలూ ఉన్నారు. తాపీ మీరూ పట్టండి. అబ్బాయిలూ, చీపురు మీరూ పట్టండి. ఆ అధ్యాయంలో చాలామంది ఎవరి ఇంటి ఎదుట గోడ వాళ్ళు కట్టుకున్నారన్నది కూడా గమనించండి. సేవకు దూరం వెళ్ళనక్కర్లేదు.

పనిలో జాగ్రత్తలు చెబుతాను, ఇవి తేలిగ్గా తీసుకోవద్దు. సిమెంటు రేకు మీద నేరుగా కాలు పెట్టకండి. పైకి గట్టిగానే కనిపిస్తుంది, నడిమధ్య బరువు పడితే విరిగి మనిషి కిందికి పోతాడు. అడ్డంగా చెక్క బల్ల వేసి, కింద దూలం ఉన్న బోల్టుల వరస మీదుగానే కదలండి. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ళ తర్వాత జబ్బు చేస్తుంది. గ్రైండరుతో కొయ్యొద్దు. తప్పనిసరైతే నీళ్ళు చల్లి తడిపి చేతి రంపంతో మేస్త్రే కోస్తాడు, మీరు దూరంగా ఉండండి. విరిగిన ముక్కలు పిల్లలు ఆడుకునే చోట వదలొద్దు.

మా తరం వాళ్ళకు కప్పు విలువ నేర్పింది 1977 నవంబరు 19. ఆ రోజు ఉప్పెనలో దివిసీమ ఏమైందో మీ ఇళ్ళలో పెద్దవాళ్ళను అడగండి. గాలి కప్పును ముందు చూరు దగ్గర, మూలల దగ్గర అందుకుని లేపుతుంది. అక్కడ బోల్టులు దగ్గర దగ్గరగా వెయ్యండి. రేకు పల్లంలో చిల్లు పెట్టొద్దు, గట్టు మీదే పెట్టి వాషరు బిగించండి. తాటాకు ఇల్లయితే వాసాలను దూలానికి కట్టిన కట్లు ముందు చూడండి. కొత్త ఆకు కప్పినా లోపల కట్టు కుళ్ళి ఉంటే లాభం లేదు. ఆకుకు తగిలేలా కరెంటు తీగ ఉంటే వేసవిలో నిప్పు అంటుకుంటుంది, దాన్ని పక్కకు తీయించండి. తీగల పని మాత్రం ఎలక్ట్రీషియనే చెయ్యాలి, మీరు ముట్టొద్దు.

కారే చోటు వెతకడం కూడా ఒక విద్యే. నీళ్ళు చుక్కగా పడే చోటే చిల్లు ఉండదు, ఎక్కడో పైన దిగి కింద పడతాయి. కప్పు కింది అంచు నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి నీళ్ళు పోస్తూ రండి. లోపల ఒకరు నిలబడి తడి కనపడగానే చెప్పాలి. అప్పుడు దొరుకుతుంది.

కలిపిన సిమెంటు అరగంటలో వాడెయ్యాలి, మళ్ళీ నీళ్ళు పోసి కలపొద్దు. పూత పని బాలింత లాంటిది, అయిపోయాకే ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలి. కనీసం ఏడు రోజులు తడపాలి. ఈ ఎండలకు రోజుకు మూడుసార్లయినా పట్టాలి. పూత వేసే రోజు ఇరవైమంది వస్తారు, పాటలు పాడతారు, భోజనాలు చేస్తారు. మూడో రోజు నీళ్ళ బకెట్టు పట్టుకుని వచ్చేవాడు ఉండడు. మీలో నిజమైన సేవకులు ఎవరో నాకు ఆ మూడో రోజు తెలుస్తుంది. వంతులు ఇప్పుడే రాసుకోండి.

గోడ నిలువు తప్పినా, పునాది కుంగినా పైన పూత పూసి కప్పెట్టకండి. అది మోసం. మన వల్ల కాదని ఆమెకు సూటిగా చెప్పి, గ్రామ సచివాలయానికి తోడు వెళ్ళి ఇంటి అర్జీ పెట్టించండి. చెయ్యలేనిదానికి మాట ఇవ్వొద్దు.

ఊళ్ళో మేస్త్రి కడుపు మీద కొట్టొద్దు. సంఘం డబ్బులోంచి మేస్త్రికీ ఎలక్ట్రీషియనుకూ పూర్తి కూలి ఇప్పించండి. తట్టలు మొయ్యడం, ఇసక జల్లించడం, నీళ్ళు తేవడం మీరు చెయ్యండి. అతని చేతికింద పనిచేస్తే మీకూ పని వస్తుంది.

ఇలాంటి పని చేసేది మీరు మాత్రమే కాదు. 1969లో అమెరికాలో టెక్స్ ఎవాన్స్ అనే మెథడిస్టు పాస్టరు యాభైమందిని కెంటకీ కొండల్లోకి తీసుకెళ్ళి ఆ వేసవిలో నాలుగు ఇళ్ళు బాగుచేయించాడు. అలా మొదలైన అపలాచియా సర్వీస్ ప్రాజెక్టులో ఇప్పటికీ ఏటా వేసవిలో మీ ఈడు పిల్లలు నిచ్చెనలెక్కుతున్నారు. మనుషుల్ని వాళ్ళు ఉన్న చోట, ఉన్నట్టుగా స్వీకరించాలని ఆయన వాళ్ళకు నేర్పాడు. 1976లో మిల్లార్డ్, లిండా ఫుల్లర్ దంపతులు స్థాపించిన, ఇళ్ళు కట్టించే హాబిటాట్ సంస్థ మన దేశంలో పని మొదలుపెట్టింది 1983లో, మన ఖమ్మంలోనే. ఇంటివాళ్ళు కూడా చెమటోడ్చి తమ ఇంటి పనిలో పాలుపంచుకోవాలన్నది వాళ్ళ పద్ధతి. మీరూ అలాగే చెయ్యండి. మామ్మ మనవడు ఇటుకలు అందిస్తానంటే అందించనివ్వండి. ఆమె కూర్చుని బోల్టులు లెక్కపెడతానంటే ఆ పని ఆమెకే అప్పగించండి. రేపు ఆ ఇంటికొచ్చిన చుట్టాలతో "మేమే చేసుకున్నాం" అని ఆమె చెప్పుకోగలగాలి.

ఇల్లు విరిగి ఉన్నప్పటి ఫొటోలు స్టేటస్‌లో పెట్టకండి. ఆ మనవడు బడికెళితే తోటి పిల్లలు చూస్తారు. సంఘానికి లెక్క చెప్పాలంటే రేకుల బిల్లు, కూలి రశీదు చాలు.

చివరిగా, తొలకరి పడ్డాక ఒకసారి, తుపాను రోజులు మొదలయ్యే ముందు అక్టోబరులో ఒకసారి మళ్ళీ వెళ్ళి బోల్టులు బిగుతుగా ఉన్నాయో లేదో చూసి రండి. కారుతోందని ఆమె అంటే నొచ్చుకోకుండా మళ్ళీ నిచ్చెన వెయ్యండి. ఆమె మొహమాటం లేకుండా అలా చెప్పగలిగిందంటే మిమ్మల్ని పొరుగువాళ్ళుగా లెక్కగట్టిందని అర్థం. ఆ మాట కోసమే ఈ పని చెయ్యండి. తెల్లవారుజామునే మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ఆపండి, నీళ్ళు బాగా తాగండి. మొదటిరోజు నా తాపీ, తూకపు గుండు తీసుకుని నేనూ వస్తాను. దేవుడు మీ చేతులకు బలం ఇచ్చి కాపాడుగాక.

ప్రేమతో, మీ సంఘ పెద్ద.