భుజం మార్చుకోమని అడగడం

108 బండి డ్యూటీ ఎక్కగానే మేము ముందు బండిని చూస్తాం. సిలిండర్లో ఆక్సిజన్ ఎంత ఉంది, సక్షన్ మిషను పనిచేస్తోందా, కాన్పు కిట్టు ఉందా, టైర్లు, బ్రేకులు. ఒక్కొక్కటీ చూసి రిజిస్టర్లో టిక్కు పెడతాం. మేము నింపే రిజిస్టర్లో మనిషికి మాత్రం గడి లేదు. రాత్రి నిద్రపోయావా, ఒళ్లు వెచ్చగా ఉందా అని అడిగేవారు లేరు.

కొండ ఊళ్లలో పుట్టి, ఆశ్రమ పాఠశాలల్లో చదివి ఈ పనిలోకి వచ్చినవాళ్లం మేము. మాలో కొందరు ఈఎంటీలు, కొందరు పైలట్లు. బండి నడిపేవాడిని మా దగ్గర పైలట్ అనే అంటారు. విమానం నడిపే పైలట్లకు ఒక అలవాటు నేర్పుతారు. ఎక్కే ముందు ఎవరికివారు ఆరు సంగతులు అడుక్కోవాలి: ఒంట్లో బాగుందా, ఏ మందు వేసుకున్నాను, మనసు మీద బరువేమైనా ఉందా, తాగానా, అలసిపోయానా, తిన్నానా. మేము వాళ్ల పేరు తీసుకున్నాం గానీ ఆ అలవాటు తీసుకోలేదు.

జలుబుకి వేసుకునే మాత్రల్లో కొన్ని మత్తు తెస్తాయి. పండగ రాత్రి తాగిన జీలుగు కల్లు వాసన పోయినంత మాత్రాన ఒంట్లోంచి పోయినట్టు కాదు. మనవాళ్లను తాగుబోతులని ఎగతాళి చేసేవాళ్లకు జడిసి ఈ మాట దాచడం మాకు ఇష్టం లేదు. అయినా కల్లు కంటే నిద్రే ఎక్కువ మోసం చేస్తుంది. 17 గంటలు మేలుకున్న మనిషి చేతి చురుకు, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. మన చట్టం బండి నడిపేవాడికి ఒప్పుకునేది 30 దాకానే. పొద్దున ఐదింటికి లేచి జీడితోటలో నాన్నకి సాయం చేసి, రాత్రి ఎనిమిదికి డ్యూటీ ఎక్కినవాడికి పదింటికే 17 గంటలు నిండుతాయి. చుక్క ముట్టనివాడే.

మాలో ఒకడు బిడ్డకు మలేరియా జ్వరమొస్తే రెండు రాత్రులు కూర్చుని డ్యూటీకి వచ్చాడు. అడిగితే "బానే ఉన్నాను" అన్నాడు. అబద్ధం ఆడలేదు, నిజంగా అలాగే అనుకున్నాడు. అలసిన బుద్ధే అలసటను కొలవాలి మరి! ఆ రాత్రి కాన్పు కేసులో బీపీ అంకె తప్పు రాశాడు. పక్కనున్న ఆశా అక్క చూసి దిద్దించింది.

బాగోలేదని చెప్తే జీతం పోతుందని భయం ఉంటుంది. అంతకంటే పెద్ద మాట ఇంకోటుంది: మనం దిగిపోతే ఆ రాత్రి బండే ఉండదు. ఒక్కరే టీచరు ఉన్న బడిలో పనిచేసే మాస్టార్లకు ఈ బాధ తెలుసు. సగం శక్తితో ఉన్న మనిషి అసలు లేనిదానికంటే నయం కాదా? మేము చాలాసార్లు వాదించుకున్నాం. ఈఎంటీ విషయంలో కొంతవరకు నయమే, కానీ దాచకుండా. జతగాడికి ముందే చెప్పాలి, ప్రతి అంకె పైకి చదవాలి, రెండోవాడు మళ్లీ చూడాలి. ఘాట్ రోడ్డు మీద పైలట్‌కి ఈ సర్దుబాటు లేదు. కళ్లు మూతలు పడేవాడు తాళం తీసుకోకూడదు, బండి ఆగినా సరే. లోయలో పడ్డాక రోగితోపాటు మనమూ పోతాం.

డోలీ మోసిన పెద్దలను చూడండి. ఏటవాలు దారిలో భుజం నొప్పెడితే "భుజం మార్చు" అని ఒక్క కేక వేస్తారు. వెనక వచ్చేవాడు కర్ర కిందికి దూరుతాడు. ఎవరూ నవ్వరు. చెప్పకుండా మోసి కాలు తడబడినవాడినే తర్వాత తిడతారు. మరి ప్యాంటూ చొక్కా వేసుకుని ఉద్యోగంలోకి వచ్చాక మనకు ఆ కేక ఎందుకు సిగ్గయింది?

మొన్న వానల్లో డ్యూటీ మారేటప్పుడు పైలట్ అన్న తాళం చేతిలో పట్టుకుని, ఎక్కకుండా నిలబడ్డాడు. "ఎన్నింటికి లేచావురా తమ్ముడూ?" అన్నాడు. మాలో చిన్నవాడు నవ్వబోయి ఆగి, వేళ్లమీద గంటలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.