పెండ్రా రోడ్ దిగాక

మా తాతగారు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో ఇంజన్‌కు బొగ్గు వేసే పనికి శ్రీకాకుళం వైపు నుంచి బిలాస్‌పూర్ వచ్చారు. ఆ రైల్వే 1944లో సర్కారు చేతికి వెళ్లింది, 1955లో సౌత్ ఈస్టర్న్ అయింది. 2003లో మన ఊరే ఒక జోన్‌కు ముఖ్య కేంద్రమైంది. ఇన్ని మార్పుల్లోనూ మా ఇంట్లో తెలుగు మూడు తరాలు నిలిచింది. నాలుగో తరం దగ్గర పట్టు సడలుతోంది. అమ్మ తెలుగులో పిలిస్తే మా పిల్లలు హిందీలో పలుకుతారు.

మన తెలుగు సమాజంలో ఆదివారం తెలుగు తరగతులు పెట్టుకున్నాం, మంచిదే. కానీ కార్తిక వనభోజనాలను కూడా హాలు అద్దెకు తీసుకుని, వంటవాళ్లకు అప్పగించి, మధ్యాహ్నం మూడింటికల్లా ముగించేస్తున్నాం. వనం లేని వనభోజనం నాకు ఏటా బాధగానే ఉంటుంది. అందుకే కిందటి కార్తికంలో మేం ఆరుగురం కట్నీ వైపు బండెక్కాం.

కార్గీ రోడ్, బేల్‌గహనా దాటి ఖోంగ్సరా వచ్చేసరికి బండి నెమ్మదించింది. అక్కడి నుంచి ఘాట్. భన్వర్ టోంక్ సొరంగం చీకట్లో అమ్మ ఉన్నట్టుండి మొదలుపెట్టింది: "ఈ ఎత్తు మీదికి గూడ్సు బండి ఎక్కాలంటే వెనక నుంచి ఇంకో ఇంజన్ తొయ్యాలి, దాన్ని బ్యాంకర్ అంటారు. మీ ముత్తాత దానిమీద పనిచేసేవారు. తెల్లారి ఇంటికొస్తే కళ్లు తప్ప ఇంకేమీ కనపడేవి కావు." ఆ మాట ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు. నేను కూడా అప్పుడే విన్నాను.

పెండ్రా రోడ్ దిగి జీపులో అమర్‌కంటక్ చేరాం. వెయ్యి మీటర్లకు పైబడిన ఎత్తు, కార్తికపు చలి. మేం దిగిన ఆశ్రమం ఆవరణలో పిల్లల కోసం చిన్న డేరా వేశాం. ఫోన్లకు సిగ్నల్ అందలేదు. అమ్మ దుప్పటి కప్పుకుని డేరా గుమ్మంలో కూర్చుంది, పిల్లలు నిద్రపోయేదాకా కబుర్లు చెప్పింది.

మర్నాడు కపిలధార చూసి, మెట్లు దిగి దూధ్‌ధార వైపు నడిచాం. కిలోమీటరు దూరమే, మోకాళ్ల నొప్పులున్న అమ్మకు మాత్రం అది పెద్ద నడక. మనవడి భుజం పట్టుకుని దిగింది. దారిపొడవునా సాల వృక్షాలే. ఒక మాను బెరడు మీద కారి గట్టిపడిన బంక చూసి ఆగి, గోటితో గిల్లి వాసన చూసింది. "గుగ్గిలంరా! పసిపిల్లలకు స్నానం చేయించాక పొగ వేస్తామే, అదే." వాడు "సరై కా పేడ్ హై, మామ్మా" అన్నాడు. సరై అన్నది ఛత్తీస్‌గఢీ మాట. అక్కణ్నుంచి ఇద్దరికీ పందెం. వాడు మహువా అంటే ఆవిడ ఇప్ప అంది. తేందూ చూపిస్తే తునికి అంది. పలాశ్‌కు మోదుగ చెప్పింది. వాడు ఒక్కొక్కటీ పలికి సరిచూసుకున్నాడు. తరగతి గదిలో నేను రాయించిన పట్టికలేవీ వాడికి అంత ఇష్టంగా నోటికి రాలేదు.

భోజనానికి ఉసిరి చెట్టు కిందికి చేరేసరికి అక్కడ ముందే కొందరు ఆడవాళ్లు ఉన్నారు. ఆ రోజు కార్తిక శుద్ధ నవమి, వాళ్లకు ఆంవ్లా నవమి. మానుకు దారం చుట్టి, పూజ చేసి, ఆ నీడనే తింటారు. ఈ ఆచారం మనదొక్కటే అనుకుని పెరిగిన నాకు మనసు నిండిపోయింది. మేం పులిహోర పెట్టాం, వాళ్లు పూరీలు, ఉసిరి పచ్చడి పెట్టారు. వాళ్ల విస్తళ్లు మాహుల్ ఆకులతో కుట్టినవి. అమ్మ ఒకటి తిప్పి చూసి, "ఇది మన అడ్డాకే" అంది. శ్రీకాకుళం మన్యంలో కుట్టే ఆకు, అదే తీగ. వాళ్లలో ఒకావిడ అమ్మ చేతిలో ఖాళీ విస్తళ్లు నాలుగు పెట్టింది. అమ్మ వాటిని చీరకొంగులో చుట్టి బిలాస్‌పూర్ దాకా తెచ్చింది.

సమాజం పెద్దలకు నా మనవి ఒకటే. వచ్చే కార్తికంలో హాలు బుక్ చేయవద్దు. ఆ డబ్బుతో అందరికీ పెండ్రా రోడ్ టిక్కెట్లు తీద్దాం. ఇంటికో పెద్దవారిని తప్పకుండా తీసుకురండి, నడవలేకపోతే మేం పట్టుకుంటాం. వంట గిన్నెలు మా ఇంట్లో ఉన్నాయి.