ప్రసాదానికి కొలత అరచేయి



దసరాతో మొదలై దీపావళి, కార్తీకం, ధనుర్మాసం మీదుగా సంక్రాంతి దాకా సాగే పండుగల కాలం మళ్ళీ వచ్చింది. మన ఊళ్ళలో పండుగ అంటే ఆ రోజే. కువైట్‌లో అలా కాదు కదా! దీపావళి బుధవారం వచ్చిందనుకోండి, తెల్లవారుజామునే లేచి ఇంట్లో పూజ చేసుకుని, నైవేద్యం పెట్టుకుని డ్యూటీకి పరుగెడతాం. శుక్రవారం అబ్బాసియాలో మిత్రుల ఇంట భోజనం. పై శుక్రవారం సాల్మియాలో జిల్లా వాళ్ళ కలయిక. ఆ పై శుక్రవారం సంఘం వేడుక. ఒక్క పండుగకు నాలుగు విందులు! ఇలా మూడు నెలలకు పైగా నడుస్తుంది.

ఆ తర్వాత ఫిబ్రవరిలో రక్తపరీక్ష కాగితం పట్టుకుని వచ్చేవారిని ఏటా చూస్తుంటాను. హెచ్‌బిఎ1సి అనే పరీక్ష ఇంచుమించు గడచిన మూడు నెలల చక్కెర లెక్క చెబుతుంది. అంటే కార్తీక వనభోజనాల నుంచి కనుమ గారెల దాకా అంతా అందులో ఉంటుంది. కాగితం ఇటు తిప్పి, తల దించుకుని, "పండుగలు కదండీ డాక్టరుగారూ, తిన్న పాపం ఊరికే పోతుందా" అంటారు. ఆ 'పాపం' అనే మాట దగ్గరే నాకు పేచీ. దాన్ని మనం సరైన చోట వాడుతున్నామా?

గీతలో కర్మయోగాధ్యాయం పదమూడో శ్లోకంలో పరమాత్మ ఆహారాన్ని, పాపాన్ని కలిపి మాట్లాడాడు. యజ్ఞంలో అర్పించగా మిగిలినదాన్ని తినేవారు దోషాలనుంచి విముక్తులవుతారు, కేవలం తమ కోసమే వండుకునేవారు పాపాన్నే భుజిస్తున్నారు అని దాని భావం. గమనించండి, తీపి పాపమనలేదు, నెయ్యి పాపమనలేదు. అర్పించకుండా, పంచకుండా తినడాన్ని పాపమన్నాడు. ఇక ఆరో అధ్యాయంలో అతిగా తినేవాడికి యోగం లేదన్న మాట అందరికీ గుర్తుంటుంది. బొత్తిగా తినకుండా ఉండేవాడికీ లేదని అదే శ్లోకంలో అన్నాడు. ఆ రెండో సగం మాత్రం ఎందుకో మనం మరచిపోతాం.

తిరుపతి లడ్డూనే చూడండి. మామూలు లడ్డూ సుమారు 175 గ్రాములు. ఊరికి వెళ్ళి వచ్చినవారు నాలుగు లడ్డూలు తెస్తే ఆ సాయంత్రం ఏం జరుగుతుంది? ఫ్లాట్ ఫ్లాట్‌కీ చిన్న చిన్న పొట్లాలు వెళతాయి. పై అంతస్తులో కడప వారికి, కింద గోదావరి వారికి, పక్కన ఉన్న తమిళ కుటుంబానికి, చివరికి వాచ్‌మన్‌కు కూడా. అందిన చిటికెడు ముక్కను కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంటాం. అందులో జీడిపప్పు పలుకు తగిలిందా, పచ్చకర్పూరం వాసన వచ్చిందా అని ఎంత శ్రద్ధగా తింటామో! పూర్తి లడ్డూ ఒక్కడే కూర్చుని తిన్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు. అదే లడ్డూ మిఠాయి కొట్టు డబ్బాలో వస్తే, టీవీ చూస్తూ మూడు తినేసి, ఎన్ని తిన్నామో కూడా చెప్పలేం.

ప్రసాదానికి పెద్దలు పెట్టిన కొలత కుడి అరచేయి. దోసిలి కూడా కాదు. అందులో పట్టినంతే. పులిహోర అయినా, చక్కెర పొంగలి అయినా, దద్ధ్యోదనమైనా అంతే. ఇప్పుడు ఆ చేతి స్థానంలోకి థర్మోకోల్ ప్లేటు, ప్లాస్టిక్ డబ్బా వచ్చాయి. డబ్బా వచ్చాక ప్రసాదం కాస్తా పార్సిలైంది.

మరొక మాట. విజిట్ వీసా మీద వచ్చిన పెద్దవారిని వరుసలో నిలబెట్టి, "నాన్నగారికి షుగరండీ, ఆయనకు పెట్టకండి" అని అందరిముందూ గట్టిగా చెప్పేవారిని చూస్తే బాధ కలుగుతుంది. డెబ్భై ఏళ్ళు నైవేద్యం పెట్టిన చేయి అది. ఆ అరచేతిలో ఒక చెంచాడు చక్కెర పొంగలి వేసి, ఆ పూట ఇంట్లో అన్నం ఒక గరిటె తగ్గించండి. చాలామందికి ఆ మాత్రం సర్దుబాటు సరిపోతుంది. ఆయన ఇంటికి వచ్చాక ఎవరూ చూడకుండా వంటింట్లో డబ్బా మూత తీయవలసిన అవసరం ఉండదు. దాచుకుని తిన్నది ఎప్పుడూ ఎక్కువే తింటాం.

ఈ మధ్య 'ధ్యాస పెట్టి తినండి' అని పాశ్చాత్య వైద్యులు కొత్తగా బోధిస్తున్నారు. మంచిదే. మన తాతలు విస్తరి చుట్టూ నీళ్ళు తిప్పి పరిషేచనం చేసి, ఔపోసన పట్టి, పంచప్రాణాలకు అయిదు చిన్న మెతుకుల ముద్దలు మౌనంగా ఆహుతి ఇచ్చాకే పప్పు కలిపేవారు. లోపల వైశ్వానరుడి రూపంలో ఉండి అన్నాన్ని పచనం చేసేది తానేనని గీత పదిహేనో అధ్యాయంలో స్వామి చెప్పాడు కదా, ఆ అగ్నికి హోమం అది. వైద్యపరంగా కూడా ఇందులో విశేషముంది. కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరడానికి సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది. మనం ఏడు నిమిషాల్లో విస్తరి ఖాళీ చేస్తే ఆ కబురు అందేది చేయి కడుక్కున్నాకే! వాగ్భటుడు అష్టాంగహృదయంలో కడుపులో సగం అన్నానికి, పావు నీటికి వదలి, మిగిలిన పావు ఖాళీగా ఉంచమన్నాడు. బఫే భోజనాల్లో ఆ పావు భాగం ఐస్‌క్రీమ్‌కు వెళుతోంది.

కువైట్‌లో పెద్దవారిలో ఇంచుమించు నలుగురిలో ఒకరికి మధుమేహం ఉంది. ప్రపంచంలో అత్యధికంగా ఉన్న దేశాల్లో ఇదొకటి. దానికి తోడు మన భారతీయులకు సన్నగా ఉన్నా వచ్చే తత్త్వం. కనుక ముందు కూర, పప్పు తిని తర్వాత అన్నం జోలికి వెళ్ళండి. భోజనం కాగానే కుర్చీ వెతుక్కోకుండా పదిహేను నిమిషాలు నడవండి. నవంబరు నుంచి ఇక్కడి వాతావరణం నడకకు ఎంత హాయిగా ఉంటుందో చెప్పనక్కరలేదు.

మన ఇళ్ళలో ఇంకొక అపరాధ భావం ఉంది. అది అమ్మలది. అన్నం పరబ్రహ్మ స్వరూపం, పారేస్తే దోషమని పిల్లలు వదిలేసిన బొబ్బట్టు, గిన్నె అడుగున మిగిలిన పాయసం తామే తినేస్తారు. అందరూ తిన్నాక, రాత్రి పదకొండింటికి. అన్నాన్ని గౌరవించడమంటే మిగిలినదానికి మన కడుపును పాత్ర చేయడం కాదు తల్లీ! మిగులుతుందని తెలిసినప్పుడు, ఎంగిలి కాకముందే, వేడిగా ఉండగానే రెండు గిన్నెలు పక్కకు తీయండి. ఒక గదిలో ఆరుగురు ఉండే మన కుర్రవాళ్ళు ఉన్నారు. పండుగరోజు కూడా సెలవు దొరకని ఇంటిపనివారు, డ్రైవర్లు ఉన్నారు. వారిలో ఎందరో రాయచోటి, రాజంపేట, కోనసీమ ప్రాంతాలవారే. పండుగ పూట ఇంటి పాయసం రుచి వారికి ఎంత అపురూపమో మీకు తెలియనిది కాదు.

ఇక ఉపవాసాల సంగతి. నాకు అన్నిటికన్నా భయం వేసేది కార్తీక సోమవారాలంటేనే. మన ఆసుపత్రుల్లో ముస్లిం సోదరులు చాలామంది రంజాన్‌కు ముందే వచ్చి మాత్రల వేళలు అడిగి మార్చుకుంటారు. రోగికి ఉపవాసం నుంచి మినహాయింపు ఉందని వారి పెద్దలు కూడా చెబుతారు. మనవాళ్ళు కార్తీకానికి ముందు అడగరు. ఉదయాన్నే గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుని గానీ, ఇన్సులిన్ పొడుచుకుని గానీ, నక్షత్ర దర్శనం దాకా ఏమీ తినకుండా డ్యూటీ చేస్తారు. లేదా మాత్రే మానేస్తారు. రెండూ ప్రమాదమే. అడిగితే, "దేవుడికి చెప్పుకున్నాను కదండీ" అంటారు.

భాగవతంలో అంబరీషుణ్ణి తలచుకోండి. ఏడాది పాటు ద్వాదశీ వ్రతం చేసి, కార్తీకంలో మూడు రాత్రులు ఉపవసించాడు. పారణ వేళకు దుర్వాసుడు అతిథిగా వచ్చి, స్నానానికని యమునకు వెళ్ళి రాలేదు. ద్వాదశి ఘడియలు దాటిపోతున్నాయి. అతిథి కన్నా ముందు తింటే దోషం, తినకపోతే వ్రతలోపం. అప్పుడాయన ఏం చేశాడు? పట్టుదలకు పోలేదు, తెలిసిన విద్వాంసులను అడిగాడు. నీరు తాగితే తిన్నట్టూ అవుతుంది, తిననట్టూ అవుతుందని వారు చెప్పగా, హరిని స్మరించి కాస్త నీరు తాగాడు. దుర్వాసుడు మండిపడ్డాడు. కానీ సుదర్శనం నిలబడింది ఎవరి పక్షాన? వ్రతాన్ని భంగం చేయని వస్తువుల వరుసలో నీరు, పాలు, పండ్లతోపాటు ఔషధాన్ని కూడా మన ధర్మశాస్త్రాలు చేర్చాయి. కాబట్టి మాత్ర వేసుకోవడం వ్రతలోపం కాదు. అది ఎప్పుడు, ఎంత వేసుకోవాలో, అసలు ఉపవాసం ఉండవచ్చో లేదో మొదటి సోమవారానికి వారం ముందే మీ డాక్టరును అడగండి. గర్భిణులు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు తప్పనిసరిగా అడగాలి.

కార్తీకంలో ఇక్కడ సాయంత్రం అయిదు గంటల ప్రాంతానికే పొద్దు గుంకుతుంది. అయినా ఆ చివరి రెండు గంటలే కష్టం. చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండె దడ, మాట తడబడటం కనిపిస్తే నక్షత్రం కోసం చూడకండి. మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి వెంటనే తాగించండి, పావుగంట తర్వాత షుగర్ చూడండి, తగ్గే ఉంటే మళ్ళీ ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 112కు ఫోన్ చేయండి. కుదుటపడ్డాక ఏదైనా తిని, కాళ్ళూ చేతులూ కడుక్కుని, దీపం పెట్టుకోవచ్చు.