రాయి దేవుడయ్యాక శిల్పికి మిగిలేదేమిటి?

గుడిలో కొలువుతీరే మూర్తికి కర్తలు ఇద్దరు. ఉలితో రూపం ఇచ్చేవాడు శిల్పి, మంత్రంతో ప్రాణం పోసేవాడు ఆచార్యుడు. ప్రాణప్రతిష్ఠ ముగిశాక శిల్పి ఆ మూర్తిని తాకకూడదు. నెలల తరబడి ఒళ్లో పెట్టుకున్నట్టు చెక్కినవాడికి ఈ నిషేధం ఎందుకన్నది ఆలయ సంప్రదాయంలోని చిక్కు ప్రశ్న.

శిల్పి పని గనిలోనే మొదలవుతుంది. శిల్పశాస్త్రాలు నాదాన్ని బట్టి శిలను పుంశిల, స్త్రీశిల, నపుంసకశిల అని మూడు తెగలు చేశాయి. మొదటిది దేవుడికి, రెండోది దేవికీ పీఠానికీ పనికొస్తుంది. మోగని మూడోదాన్ని విగ్రహానికి వాడరు. తట్టితే మోగని రాయిలో బీట దాగి ఉండవచ్చని రాతిపని చేసే ఎవరికైనా తెలుసు. శాస్త్రం ఆ అనుభవానికే లింగభేదం తొడిగింది. తర్వాత తాళమానం, అంటే మూర్తి కొలతల పద్ధతి. విష్ణువు, శివుడు వంటి ప్రధాన దేవతలకు ఉత్తమ దశతాళం, అంటే విగ్రహం ఎత్తులోంచే తీసిన 124 అంగుళాల లెక్క. ఆళ్లగడ్డలోనూ పల్నాటి దుర్గిలోనూ నేటికీ దేవతామూర్తులు చెక్కే శిల్పులున్నారు.

చివరి పని కళ్లు. నయనోన్మీలనంలో బంగారు సూదితో కంటి గీతలు తీరుస్తారు. ఆపై శిల్పికి వస్త్రాలు, దక్షిణ ఇచ్చి సాగనంపుతారు. ఉలి దెబ్బల దోషం పోవడానికి మూర్తికి స్నపనం, అంటే మంత్రపూర్వక స్నానం, చేస్తారు; మూర్తిని నీటిలో, ధాన్యంలో ఉంచే జలాధివాసం, ధాన్యాధివాసం వంటి క్రతువులూ జరుపుతారు. మర్యాద, ప్రక్షాళన వెంటవెంటనే జరగడం గమనించదగ్గది.

శిల్పి తాకరాదన్న నియమాన్ని సమర్థించేవారి వాదం తేలికగా కొట్టివేయదగ్గది కాదు. దైవత్వం రాతిలో లేదు, ఆవాహనలో ఉంది. గుడి కట్టించిన రాజుకే గర్భగృహ ప్రవేశం లేనప్పుడు శిల్పికి లేకపోవడం అవమానం కాదంటారు. దైవత్వం రాతిలో లేదన్నది అద్వైతులకూ ఇబ్బంది పెట్టని మాటే. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో సాలగ్రామంలో హరిని ఉపాసించడాన్ని ఉదాహరణగా చూపారు. సాలగ్రామాన్ని ఏ శిల్పీ చెక్కలేదు. ఆలయ విధులు చెప్పే ఆగమాలు కూడా స్వయంభువులకు పెద్దపీట వేసి, మనుషులు ప్రతిష్ఠించినవాటిని కింది మెట్టున ఉంచాయి. చేతిపని ఎంత తక్కువైతే మహిమ అంత ఎక్కువన్నమాట.

అయితే ఆగమాలే ఈ వాదాన్ని చివరిదాకా నిలబెట్టలేదు. ఆవాహన ఒక్కటే చాలితే కొలత తప్పిన బొమ్మా సరిపోవాలి. కానీ లక్షణం తప్పిన మూర్తి యజమానికీ ఊరికీ కీడు చేస్తుందని అవే హెచ్చరిస్తాయి. మంత్రం దిగిరావడానికి సరైన రూపం కావాలి, ఆ రూపం ఉలి కిందే పుడుతుంది. అంటే శిల్పి అందించేది ముడిసరుకు కాదు, క్రతువులో సగం.

జీర్ణోద్ధరణ ఈ సంగతిని ఇంకా తేటగా చూపుతుంది. గుడి బాగుచేయాలంటే ముందు కలాకర్షణం చేసి మూర్తిలోని శక్తిని కలశంలోకి తీసుకుంటారు, పూజలు తాత్కాలిక ఆలయమైన బాలాలయానికి మారతాయి. యాదగిరిగుట్టలో 2016లో ఏర్పాటైన బాలాలయంలోనే పూజలు సాగి, 2022 మార్చి 28న ప్రధానాలయ దర్శనాలు మళ్లీ మొదలయ్యాయి. వేలి కొన లాంటి ఉపాంగం విరిగితే మూర్తిని సరిచేయవచ్చు. ప్రధానాంగం విరిగితే నీటిలో నిమజ్జనం చేసి కొత్తది చెక్కించాలి. రెండింటికీ శిల్పినే పిలవాలి.

కాబట్టి తాకరాదన్న నియమాన్ని దైవత్వ సిద్ధాంతంతో కొంతవరకే సమర్థించగలం. ప్రతిష్ఠ తర్వాత దూరం అర్చకులు తప్ప అందరికీ వర్తించే నియమమే, దానికి తర్కం ఉంది. ఉలి తాకిడినే దోషంగా లెక్కగట్టి కడగడానికి మాత్రం అలాంటి తర్కం లేదు. అది పనిచేసే చేతిని తక్కువగా చూసే సామాజిక అలవాటు క్రతువులోకి చొరబడటమే.