పగటి అతిథి

గుర్తులు పెట్టిన దారిన అడవిలోకి వెళ్లి, సాయంత్రానికి తిరిగివచ్చేవారిని లోకం సాహసికులుగా లెక్కించదు. దారిలేని చోట దారి చేసుకొన్నవారికే అది పెద్దపీట వేస్తుంది. సురక్షితమైన బాట మీద పొందే ఆనందం తక్కువరకపుదని ఒక అభిప్రాయం స్థిరపడింది. ఇది ఎంతవరకు న్యాయమో పరిశీలించడానికి ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో ఉన్న పూలలోయ తగిన నిదర్శనం.

ఘాంఘరియా అనే మజిలీ నుంచి ఉదయం బయలుదేరిన యాత్రికుడు రాళ్లు పరచిన బాట వెంట నడిచి, వంతెన మీదుగా పుష్పావతీ నదిని దాటి, లోయలో ప్రవేశిస్తాడు. జూలై, ఆగస్టు మాసాలలో ఆ పచ్చిక బయళ్లు రకరకాల పూలతో నిండి ఉంటాయి. జెరేనియం, ప్రిములా, నీలి పాపీ వాటిలో కొన్ని. అయితే అక్కడ రాత్రి బసకు అనుమతి లేదు. పూవు కోయరాదు. పొద్దుగూకక ముందే వెనుదిరగాలి.

పైకి ఇవన్నీ స్వేచ్ఛకు సంకెళ్లుగా తోస్తాయి. కాని అంత ఎత్తున మొక్క పెరగడానికి దొరికే కాలం సంవత్సరానికి కొద్ది నెలలే. తక్కిన కాలం అది మంచు కింద ఉంటుంది. ఒకసారి తొక్కిన నేల తేరుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఒక్కరు బాట తప్పితే గడ్డి నలుగుతుంది. వేలమంది తప్పితే లోయే మిగలదు. కనుక దారి గుర్తు యాత్రికునికి ఎంత సౌకర్యమో, లోయకు అంత రక్షణ. గుర్తులున్నంత మాత్రాన పర్వతం మెత్తబడదు కూడా. 1939లో పూలు సేకరిస్తూ జారిపడి మరణించిన వృక్షశాస్త్రజ్ఞురాలు జోన్ మార్గరెట్ లెగ్ సమాధి అక్కడే ఉంది.

ఇంతకన్న క్లిష్టమైన ప్రశ్న మరొకటి ఉంది. ఆ బాట ఎవరిది? 1931లో కామెట్ శిఖరాన్ని అధిరోహించి తిరిగివస్తూ ఫ్రాంక్ స్మైత్ బృందం ఈ లోయను చూసింది. 1938లో ఆయన రాసిన గ్రంథం దానికి ప్రపంచఖ్యాతి తెచ్చింది. లోయను ‘కనుగొన్న’ గౌరవం ఆయనకు దక్కింది. కాని పరిసర గ్రామాలవారికి అది ఎప్పటినుంచో తెలిసిన చోటే. వారి గొర్రెలు, మేకలు వేసవిలో అక్కడ మేసేవి. 1982లో జాతీయోద్యానంగా ప్రకటించిన తరువాత ఆ మేపు నిలిచిపోయింది. 2005లో నందాదేవి ఉద్యానంతో కలిసి లోయ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. యాత్రికుని పాదానికి ప్రవేశం మిగిలింది. కాపరి పాదానికి మిగలలేదు.

మేపు ఆగిన తరువాతనే పాలీగోనమ్ జాతి మొక్క విపరీతంగా వ్యాపించి పూలమొక్కలను కప్పివేస్తున్నదని కొందరు శాస్త్రజ్ఞులు వాదించారు. మరికొందరు ఆ కారణాన్ని అంగీకరించలేదు. దానిని శాస్త్రమే తేల్చాలి. నీతి అడిగే ప్రశ్న వేరు. ఒకరి జీవనాధారాన్ని ఆపి మరొకరి ఆనందానికి ద్వారం తెరిచినప్పుడు, ఆనందించేవారు ఏమి బాకీపడతారు?

మొదటి బాకీ నియమపాలన. కాపరి తన హక్కునే వదులుకొన్న చోట యాత్రికుడు ఒక పూవును వదులుకోలేకపోవడం సిగ్గుచేటు. రెండవది, అడవిని కాపాడడంలో అక్కడివారికి అగ్రస్థానం ఇవ్వడం. అదే జిల్లాలోని రేణీ గ్రామంలో 1974లో గౌరాదేవి నాయకత్వాన చెట్లను కాపాడినవారు ఆ ఊరి స్త్రీలే. పూలలోయ దారిలో చెత్త తొలగించే పనిని చేపట్టింది కూడా భ్యూందార్ గ్రామస్థుల సమితే. రక్షణ భారం మోసేవారికి నిర్ణయాలలోను, రాబడిలోను భాగం లేకపోతే ఆ రక్షణకు నైతిక బలం ఉండదు.

కాలిబాట అనే మాటలోనే దాని చరిత్ర ఉంది. కాళ్లు నడిచి నడిచి ఏర్పడినదే అది. దాని మీద నడిచేవారు ముందు నడిచినవారికి ఋణపడి ఉంటారు. ఒక పగలు అతిథిగా గడిపి, చూసినదానిని చూసినట్టే విడిచి రావడం చిన్న పని కాదు. దారి తానే చేసుకొన్నానని గర్వించేవారికన్న, దారి ఎవరు చేశారో తెలుసుకొని నడిచేవారి ఆనందమే నిండైనది.