పచ్చిక అంచున పుట్టిన ఊరు



జర్మనీలోని హాంబుర్గ్ కళామందిరంలో ఒక చిన్న చిత్రం ఉంది. జానెడున్నర ఎత్తు, రెండు జానల వెడల్పు. పేరు 'గ్రైఫ్స్‌వాల్డ్ దగ్గరి పచ్చిక మైదానాలు'. 1820ల తొలినాళ్లలో కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ గీశాడు. ముందు పచ్చిక, దానిమీద గంతులేసే గుర్రాలు. దూరాన, లేత పసుపు వెలుగులో, చర్చి గోపురాలతో ఒక ఊరు.

బాల్టిక్ సముద్రతీరానికి దగ్గరగా ఉన్న ఆ పాత పట్నమే చిత్రకారుడి సొంతూరు. తండ్రి కొవ్వొత్తులు, సబ్బులు తయారుచేసేవాడు. ఏడేళ్లు నిండకముందే ఫ్రీడ్రిష్ తల్లిని పోగొట్టుకున్నాడు. పదమూడో ఏట, కళ్లముందే తమ్ముడు నీట మునిగి చనిపోయాడు. పెద్దయ్యాక డ్రెస్డెన్‌లో స్థిరపడ్డాడు. ఈ చిత్రం గీసేనాటికి సొంతూరు వదిలి ఇరవై ఏళ్లు దాటింది.

అంత దుఃఖాన్నిచ్చిన ఊరిని ఆయన చీకటిలో ముంచలేదు. వెలుగులో నిలబెట్టాడు. కష్టాన్ని మరిచిపోయి కాదు, కష్టంకన్నా ప్రేమ పెద్దదైంది కనుక. ఊరికి దూరంగా నిలబడ్డాడు కాబట్టే దాన్ని మొత్తంగా చూడగలిగాడు.

మనందరికీ వదిలివచ్చిన ఊరొకటి ఉంటుంది. అక్కడ తగిలిన గాయాలూ ఉంటాయి. ఈ ఉదయం ఒక్క నిమిషం కళ్లు మూసుకుని, ఆ ఊరిని మంచి వెలుగులో చూడండి. వీలైతే అక్కడున్న ఒకరికి ఫోన్ చేసి, ఎలా ఉన్నారని పలకరించండి.