ఒకే రోజు రెండు చావులు: ఏది వార్త?



ఆదివారం వందన అయ్యాక విహారంలో కూర్చుని మాట్లాడుకునేటప్పుడు పేపర్ల మీద చర్చ రాకుండా ఉండదు. "మనోళ్లు చస్తే నాలుగు లైన్లు, పెద్దోడికి ముల్లు గుచ్చుకుంటే మొదటి పేజీ" అనే మాట మీరూ ఎప్పుడో ఒకప్పుడు అనే ఉంటారు. ఆ మాటలో నిజం ఉంది. అది ఎంతవరకు నిజం, ఆ నిజం తెలిసిన బౌద్ధుడు ఏం చెయ్యాలి అనేవి మాత్రం నిదానంగా ఆలోచించాల్సిన సంగతులు. అందుకు మన గోదావరి గడ్డ మీద జరిగిన ఒక ఘటననే తీసుకుందాం.

యానాం మనకు పరాయి ఊరు కాదు. పాలన పుదుచ్చేరిది, చుట్టూ ఉన్నది మన గోదావరి ప్రాంతం. గౌతమి ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో రీజెన్సీ సిరామిక్స్ టైల్స్ ఫ్యాక్టరీ అప్పట్లో చుట్టుపక్కల ఎన్నో కుటుంబాలకు బతుకుదెరువుగా ఉండేది. జీతాలు పెంచాలని, కాంట్రాక్టు కార్మికుల్ని పర్మినెంట్ చెయ్యాలని అక్కడి కార్మికులు చాలాకాలం పోరాడారు. 2012 జనవరి 27న ఫ్యాక్టరీ దగ్గర పోలీసులు లాఠీచార్జి చేశారు. ఆ తర్వాత కార్మిక నాయకుడు మురళీమోహన్ చనిపోయారు. పోలీసు దెబ్బలకే ఆయన ప్రాణం పోయిందని కార్మికులు ఆగ్రహించారు. ఫ్యాక్టరీ మీద పడ్డారు, వాహనాలు తగలబెట్టారు. కంపెనీ ప్రెసిడెంట్ కె.సి. చంద్రశేఖర్‌ను కొట్టి చంపారు. పోలీసులు కాల్పులు జరిపారు, కొంతమంది గాయపడ్డారు. ఊళ్లో నిషేధాజ్ఞలు పెట్టారు.

ఒకే ఊరు, ఒకే రోజు, రెండు చావులు. ఆ వార్త యానాం దాటి, రాష్ట్రం దాటి, దేశం దాటి పోయింది. పోయే కొద్దీ ఒక మనిషి చిన్నవాడైపోయాడు. "కార్మికుల చేతిలో కంపెనీ అధికారి హత్య" అనేది వార్త అయ్యింది. పొద్దున పోయిన కార్మిక నాయకుడి ప్రాణం దానికి 'నేపథ్యం' అయ్యింది. అంతకు ముందు నెలల తరబడి సాగిన జీతాల గొడవ ఆ నేపథ్యంలో కూడా చోటు చాలక ఒక వాక్యంగా మిగిలింది.

మన భాషనే ఒకసారి గమనించండి. తెలుగులో చావుకి కూడా హోదా ఉంది. అధికారి 'కన్నుమూశారు', కూలీ 'మృతి చెందాడు'. ఒకరికి 'రు', ఒకడికి 'డు'. అధికారిని చంపితే 'దారుణ హత్య' అంటారు, చంపినవాళ్లు ఎవరో ఆ వాక్యంలోనే ఉంటారు. లాఠీ దెబ్బల తర్వాత కార్మికుడు పోతే 'మృతి' అంటారు, కొట్టినవాళ్లు ఆ వాక్యంలో ఉండరు. రొయ్యల చెరువు దగ్గర ఏరేటర్ వైరు తగిలి కుర్రాడు పోతే 'కరెంట్ షాక్‌తో యువకుడి మృతి'. ఆ వైరు ఎవరిది, దాన్ని బాగుచెయ్యనిది ఎవరు అని అడిగేవాళ్లు లేరు. కరెంటే వచ్చి చంపినట్టు ఉంటుంది.

ఇదంతా ఎవరో గదిలో కూర్చుని పన్నిన కుట్ర అనుకోనక్కర్లేదు. కుట్ర అయితే పట్టుకోవడం తేలిక. ఇది అలవాటుగా నడిచే యంత్రం. మండల విలేకరికి సరైన జీతం ఉండదు, రాసిన దాన్ని బట్టి కొద్దిపాటి డబ్బులు వస్తాయి. పైగా పండక్కీ, వార్షికోత్సవానికీ ప్రకటనలు తెమ్మని పైనుంచి ఒత్తిడి. ఆ ప్రకటనలు ఇచ్చేది ఎవరు? రైస్ మిల్లు యజమాని, చెరువుల యజమాని, కాలేజీ యజమాని. సమ్మె వార్త రాస్తే ప్రకటన పోతుంది. పోలీసు స్టేషన్ నుంచి వచ్చే సమాచారం మాత్రం ఉచితం, రోజూ వస్తుంది, దాని మీద కేసు పడదు. డెస్క్ మీద కూర్చున్న సబ్ ఎడిటర్‌కి 'పెద్దమనిషి', 'అరుదైన ఘటన', 'మంటల ఫొటో' ఈ మూడూ కనబడితే పేజీ తయారైనట్టే. పైస్థాయి మనుషులకు జరిగింది వార్తగా తొందరగా ఎక్కుతుందని 1965లోనే నార్వే పరిశోధకులు గాల్టుంగ్, రూజ్ రాశారు. కార్మికుడు చావడం రోజూ జరిగేదే కాబట్టి వార్త కాదు, అధికారి చావడం ఎప్పుడో జరిగేది కాబట్టి వార్త. ఈ లెక్కని ఒక్కసారి తిరగేసి చూడండి. ఒక చావు రోజూ జరుగుతోందంటే అది ఇంకా పెద్ద వార్త కావాలి కదా!

భగవాన్ బుద్ధుడు సిగాలోవాద సుత్తంలో మనిషి తప్పు పని చెయ్యడానికి నాలుగు అగతులు, అంటే నాలుగు వంకర దారులు చెప్పాడు. ఛందాగతి అంటే ఇష్టం కొద్దీ, దోసాగతి అంటే ద్వేషం కొద్దీ, మోహాగతి అంటే తెలియనితనం కొద్దీ, భయాగతి అంటే భయం కొద్దీ. న్యూస్ డెస్క్‌ని ఈ నాలుగింటి వెలుగులో చూడండి. ప్రకటన మీద ఆశ ఛందం. వాడల్లో ఉండే జనం మీద చిన్నచూపు దోసం. ఫ్యాక్టరీ లోపల ఏం జరుగుతుందో ఎప్పుడూ వెళ్లి చూడకపోవడం మోహం. యజమాని, ఎమ్మెల్యే, ఎస్పీ ఏమంటారో అన్న వణుకు భయం. వార్త వెయ్యాలా వద్దా, ఎంత వెయ్యాలి అన్న నిర్ణయం చాలాసార్లు ఈ నాలుగు కాళ్ల మీదే నడుస్తోంది.

బాబాసాహెబ్‌కి ఇది అనుభవంలోంచి తెలుసు. 1920లో 'మూక్ నాయక్' మొదలుపెట్టినప్పుడు డబ్బులిస్తామన్నా 'కేసరి' పత్రిక ఆ ప్రకటన వెయ్యలేదు. 1943లో పూనాలో రానడే జయంతి సభలో మాట్లాడుతూ, మన దేశంలో పత్రికా వృత్తి వ్యాపారంగా మారిపోయిందని, నాయకుల్ని దేవుళ్లని చెయ్యడమే దాని పనైపోయిందని నిలదీశారు. అందుకే ఆయన 'బహిష్కృత్ భారత్', 'జనతా', 'ప్రబుద్ధ భారత్' నడుపుకుంటూ వచ్చారు. ఒకరు మన గొంతు నొక్కుతున్నారని ఏడుస్తూ కూర్చోలేదు.

ఇక్కడిదాకా మీరు నాతో ఏకీభవిస్తారు. ఇక అసలు ప్రశ్న.

"అయితే ఆ అధికారి చావు గురించి మనమెందుకు బాధపడాలి? ఇన్నేళ్లు మన రక్తం తాగారు, ఒకరోజు వాళ్ల రక్తం కారింది" అని అనేవాళ్లు మనలో ఉన్నారు. పైకి అనకపోయినా లోపల అనుకునేవాళ్లు ఇంకా ఎక్కువమంది. 2024 డిసెంబర్ 4న న్యూయార్క్‌లో యునైటెడ్ హెల్త్‌కేర్ అనే ఆరోగ్య బీమా సంస్థ సీఈఓ బ్రయన్ థాంప్సన్‌ను నడిరోడ్డు మీద కాల్చి చంపినప్పుడు, ఆ దేశంలో చాలామంది సోషల్ మీడియాలో నవ్వారు, నిందితుణ్ణి హీరోని చేశారు. బీమా కంపెనీలు వైద్యం ఖర్చు ఇవ్వకుండా ఎగ్గొట్టిన బాధ ఆ నవ్వు వెనకాల ఉంది. బాధ నిజమే. మరి ఆ నవ్వు?

మనం 22 ప్రతిజ్ఞలు తీసుకున్నవాళ్లం. పంచశీలలో మొదటిది ప్రాణహింసకు దూరంగా ఉంటానన్న మాట. ఆ మాటలో 'అధికారులు తప్ప' అని లేదు. బాబాసాహెబ్ 'బుద్ధుడు – ఆయన ధమ్మం' గ్రంథంలో అహింసని గుడ్డి నియమంగా కాకుండా ఒక సూత్రంగా చూపించారు. చంపాలన్న కోరిక వేరు, తప్పనిసరి అవసరం వేరు అని విడదీశారు. అందరినీ ప్రేమించే మనసుంటే చంపాలన్న కోరికే పుట్టదన్నది దాని సారం. యానాంలో ఆ రోజు జరిగింది ఏ అవసరం? చంద్రశేఖర్ కూడా ఆ కంపెనీలో జీతం తీసుకునే ఉద్యోగే. ఆయన చనిపోతే జీతాలు పెరగలేదు. కాంట్రాక్టు కార్మికుడు పర్మినెంట్ కాలేదు. ఫ్యాక్టరీ మూతబడి ఏళ్ల తరబడి తెరుచుకోలేదు, ఆ కుటుంబాలు రోడ్డున పడ్డాయి. అన్నిటికంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. మురళీమోహన్ చావు గురించి అడగాల్సిన ప్రశ్నలన్నీ రెండో చావు కింద పూడుకుపోయాయి.

అదే ఏడాది జూలై 18న హర్యానాలోని మానేసర్ మారుతి ఫ్యాక్టరీలో గొడవ జరిగి మానవ వనరుల అధికారి అవనీశ్ కుమార్ దేవ్ చనిపోయారు. 148 మంది కార్మికుల మీద విచారణ నడిచింది. 2017లో కోర్టు 117 మందిని నిర్దోషులంది. 31 మందిని దోషులంది, వారిలో 13 మందికి యావజ్జీవం వేసింది. ఆ 117 మందిలో చాలామంది అప్పటికే ఏళ్ల తరబడి జైల్లో మగ్గారు. ఒక్క హత్య ఎంతమంది నిర్దోషుల బతుకుల్ని మింగిందో చూడండి. చంపినవాడు కార్మికులకు మేలు చేసినట్టా, యాజమాన్యానికి మేలు చేసినట్టా?

ఇంకో వాదన ఉంది. ఇలాంటి హత్యల గురించి రాస్తే మరికొందరు నేర్చుకుంటారు, కాబట్టి రాయకూడదు, రాసినా కారణాలు చెప్పకూడదు అంటారు. కారణం చెప్పడమంటే హంతకుణ్ణి వెనకేసుకురావడమే అంటారు. 2008లో గ్రేటర్ నోయిడాలో గ్రాజియానో కంపెనీ సీఈఓ లలిత్ కిశోర్ చౌదరిని తొలగించిన కార్మికులు కొట్టి చంపినప్పుడు, అప్పటి కేంద్ర కార్మిక మంత్రి ఆస్కార్ ఫెర్నాండెజ్ ఇది యాజమాన్యాలకు హెచ్చరిక కావాలన్నారు. పరిశ్రమల సంఘాలు మండిపడ్డాయి, మంత్రి క్షమాపణ చెప్పారు. చావు ఇంకా పచ్చిగా ఉండగా దాన్ని బెదిరింపులా వినిపించే మాట అనడం తప్పే. అయితే ఆ దుమారం అయ్యాక కార్మికుల అసంతృప్తి గురించి మాట్లాడటమే నేరమన్నట్టు తయారైంది. అది ఇంకో తప్పు.

ఏది మాట్లాడాలి, ఏది మాట్లాడకూడదు అన్నదానికి భగవాన్ బుద్ధుడు అభయ రాజకుమారుడికి చెప్పిన కొలత ఉంది. నిజం కాని మాట ఎవరికి నచ్చినా చెప్పకూడదు. నిజమైనా మేలు చెయ్యని మాట చెప్పకూడదు. నిజమూ మేలూ అయిన మాటని, వినేవాడికి నచ్చినా నచ్చకపోయినా, సమయం చూసి చెప్పాలి. ఇదే సమ్మా వాచా. హత్య జరిగిందన్నది నిజం, చెప్పాలి. హంతకుడి ఫొటోని సినిమా పోస్టర్‌లా వెయ్యడం వల్ల మేలు లేదు, వెయ్యకూడదు. ఆ హత్యకి ముందు ఏం జరిగిందన్నది నిజమూ, మేలూ. అది యజమానికి నచ్చదు, అయినా చెప్పాలి.

కారణం చెప్పడం వేరు, సమర్థించడం వేరు. మన ధమ్మానికి పునాది పటిచ్చ సముప్పాదం. కారణం లేకుండా ఏదీ పుట్టదు. చక్కవత్తి సీహనాద సుత్తంలో, రాజు పేదలకు ధనం పంచకపోతే పేదరికం పెరిగిందని, దాంతో దొంగతనం, దాన్నుంచి ఆయుధాలు, ఆయుధాల నుంచి హత్యలు పెరిగాయని భగవాన్ వరసగా చెప్పాడు. అంతమాత్రాన ఆయన దొంగల పక్షం అయిపోయాడా? కాదు, రోగానికి మూలం చూపించాడు. హత్యని చెప్పి కారణాన్ని దాచే పత్రికది మోహం. కారణాన్ని చెప్పి హత్యని కప్పేసే మనిషిది ద్వేషం. రెండూ అగతులే.

అసలు వార్త ఎక్కడ మొదలవ్వాలో సిగాలోవాద సుత్తమే చెప్తుంది. శక్తికి తగ్గ పని ఇవ్వాలి, తిండీ కూలీ ఇవ్వాలి, జబ్బు చేస్తే చూడాలి, మంచి పదార్థం దొరికితే పంచాలి, సమయానికి సెలవివ్వాలి అని యజమానికి ఐదు బాధ్యతలు పెట్టింది. ఇవి తప్పిన రోజే వార్త పుట్టింది, చావుదాకా ఆగక్కర్లేదు. 2017లో పశ్చిమ గోదావరి గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం గొడవలో మనవాళ్లకి పొలం పనులు ఆపేసి సాంఘిక బహిష్కరణ పెట్టినప్పుడు, వారాలు గడిచాక గానీ బయటి లోకానికి ఆ సంగతి సరిగా తెలియలేదు. రక్తం కారలేదు కాబట్టి వార్త కాలేదు. రక్తం కారితేనే చూస్తామని పత్రిక అంటే, కారేదాకా అందరూ ఎదురుచూడాల్సిందేనా? యానాం కార్మికుల గోడు ముందే మొదటి పేజీకి ఎక్కుంటే ఆ రెండు ప్రాణాలు నిలిచేవని నేను ఖచ్చితంగా చెప్పలేను. ఎవరూ వినని గొడవ మాత్రం గట్టిగా అరవడం నేర్చుకుంటుందని చెప్పగలను.

ఇక మన పని. బాబాసాహెబ్ 1938 నవంబర్ 7న బొంబాయిలో కార్మిక వ్యతిరేక బిల్లు మీద సమ్మెకి నాయకత్వం వహించారు. సమ్మెని హక్కుగా నిలబెట్టారు, ఎవరినీ చంపమనలేదు. అదే మన దారి. మన చేతిలో కూడా ఇప్పుడు పత్రిక ఉంది, ఫోన్. వాట్సాప్‌లో మీరు నొక్కే ప్రతి ఫార్వర్డ్ ఒక ఎడిటర్ నిర్ణయమే. నొక్కే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. మనోడని పంపుతున్నానా? పగతో పంపుతున్నానా? తెలియకుండా పంపుతున్నానా? భయపడి ఆపుతున్నానా? మీ ఊళ్లో కూలి ఎగ్గొట్టినా, వైరు వేలాడుతున్నా, కొబ్బరి చెట్టు మీంచి పడ్డ కూలీకి ఆస్పత్రి ఖర్చు ఇవ్వకపోయినా తేదీతో సహా రాసి పెట్టండి, విలేకరికి ఇవ్వండి, కార్మిక శాఖకి దరఖాస్తు పెట్టండి, విహారంలో చదివి వినిపించండి.

ఈసారి యానాం గురించి పిల్లలకి చెప్పాల్సి వస్తే మురళీమోహన్ పేరూ, చంద్రశేఖర్ పేరూ రెండూ చెప్పండి. ఇద్దరికీ 'గారు' అనే చెప్పండి.

జై భీమ్! నమో బుద్ధాయ!